రెండో చెయ్యి

మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకు లాబ్‌లోకి టీ వచ్చింది. ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి ముడేసిన టీ, వెంట బొటనవేలంత కాగితం కప్పులు. రాజేశం తన కుర్చీలోంచి లేచి నాకొక కప్పు అందిస్తూ, "తాగు సరోజా, పొద్దటి సంది నోట్ల ఏం పెట్టలే నువ్వు" అన్నాడు. ఆ పొద్దున మేమిద్దరం చర్చిలో రూతు జ్ఞాపకార్థ కూడికలో పక్కపక్కన కూర్చుని వచ్చాం. అక్కడ రాజేశం విభాగాధిపతి హోదాలో నాలుగు మాటలు మాట్లాడాడు. రూతు శుభ్రతకు మారుపేరు అన్నాడు. ఆమె గాజుసామాను తోమే తీరు చూసి మేమంతా నేర్చుకున్నాం అన్నాడు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు, అవి నిజమైన నీళ్లే. ఆ మాట రూతు విని ఉంటే ఏమనేదో నాకు తెలుసు గనుక, తల ఎత్తకుండా పాటల పుస్తకం వైపు చూస్తూ కూర్చున్నాను. నా బండి సాయంత్రానికి గానీ లేదు. "ఒక్కదానివి స్టేషన్ల ఏం కూసుంటవు, లాబ్‌కు రా" అని రాజేశమే నన్ను తీసుకొచ్చాడు.

మేం ముగ్గురం ఒకప్పుడు ఈ లాబ్‌లోనే పరిశోధన విద్యార్థులం. రాజేశం మాకంటే ముందు చేరాడు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు కుటుంబం. రూతు పద్మాపూర్ బొగ్గుగని క్వార్టర్లలో పుట్టి పెరిగింది. నేను ఆవర్‌పూర్ సిమెంటు కాలనీ పిల్లను. ముగ్గురి తాతలూ కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లే. మా పరిశోధన మనిషి శరీరంలో ఉండే లోహాల గురించి. రక్తంలో ఇనుము ఏం చేస్తుంది, జింకు ఏం చేస్తుంది, రాగి ఏం చేస్తుంది, వాటికి నకళ్లు గాజుపాత్రలో తయారు చేయగలమా అన్నది మా పని. ఇంట్లోవాళ్లకు ఇది చెప్పడం కష్టం. మా నాన్న కాలనీలో ఎవరడిగినా "మందులు తయారు చేస్తది" అని చెప్పేవాడు. రూతు వాళ్ల నాన్న మాత్రం "ఏమో, పొద్దుందాక కలుపుతనే ఉంటదట" అనేవాడు. రెండోదే నిజానికి దగ్గరగా ఉందని నాకనిపించేది.

చంద్రపూర్‌లో అన్నిటికన్నా ముందు దుమ్ముతో పరిచయం అవుతుంది. పొద్దున కిటికీ గట్టు తుడిస్తే మధ్యాహ్నానికి దాని మీద పేరు రాయొచ్చు. మా నాన్న తెల్లగా ఇంటికొచ్చేవాడు, రూతు వాళ్ల నాన్న నల్లగా వచ్చేవాడు. రాజేశం వాళ్ల నాన్నకు దుమ్ము లేదు గానీ మిల్లు వాసన ఉండేది, అది ఆయన రిటైరైన తర్వాత కూడా పోలేదని రాజేశం చెప్పేవాడు. అలాంటి ఊళ్లో, అలాంటి మా ముగ్గురికి, లాబ్‌లో మొదటి రోజు చెప్పిన పాఠం శుభ్రత. రవ్వంత ఇనుము ఎక్కడినుంచైనా వచ్చి పడితే చేసిన పనంతా పాడవుతుందని మా గైడు సర్ చెప్పారు. ఆయన వెనక కిటికీ గట్టు మీద నల్లటి పొర అలాగే ఉంది. మేం దాన్ని చూశాం, ఆయనా చూశారు.

సర్ మరాఠీ మనిషి. తను చెప్పులు గుమ్మం బయట విడిచి వట్టి కాళ్లతో లోపలికి వచ్చేవారు, మమ్మల్ని మాత్రం బూట్లు లేకపోతే లోపలికి రానిచ్చేవారు కాదు. ఏ ఫ్లాస్కునూ మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూడకూడదని మాకు చెప్పి, ఆ వెంటనే పక్క ఫ్లాస్కు తీసి వాసన చూసేవారు. జేబులో ఎప్పుడూ వక్కపలుకులు ఉండేవి. మమ్మల్ని అందర్నీ 'బాళ' అనేవారు, అంటే బిడ్డా అని. కోపం వచ్చినప్పుడు కూడా అదే పిలుపు, గొంతు మాత్రం మారేది. ఏకాదశి నాడు వాళ్లావిడ పంపిన సగ్గుబియ్యం కిచిడీ మాకూ పెట్టేవారు. ఉపవాసం ఆయనది, తినేది మేము.

గాజుసామాను ఆరబెట్టే పెద్ద ఓవెన్ ఒకటి ఉండేది. పన్నెండు దాటాక అందులో ఫ్లాస్కుల పక్కన మా అన్నం డబ్బాలు చేరేవి. రసాయనాల మధ్య తిండి పెట్టకూడదన్న బోర్డు ఆ ఓవెన్ పైనే ఉండేది, వేడికి దాని అంచులు ముడుచుకుపోయాయి. ఒకరోజు సర్ లోపలికి వస్తూనే ముక్కు ఎగబీల్చి, పిరిడీన్ సీసా మూత ఎవరు తీసి పెట్టారని గట్టిగా అడిగారు. పిరిడీన్ ఘాటుగా కంపు కొట్టే ద్రావకం, దాని వాసన అంత తొందరగా వదిలేది కాదు. మేం సీసాలన్నీ వెతికాం. చివరికి రూతు ఓవెన్ తలుపు తీసి, "సర్, సీసా కాదు. నా డబ్బా. ఎండుచాపల కూర" అంది. ఆయన పచ్చి శాకాహారి. కాసేపు ఆ డబ్బా వైపు చూసి, "చాలా పోలిక ఉంది" అని మాత్రం అన్నారు. ఆ తర్వాత కూడా ఆ కూర వచ్చేది. అది వచ్చిన రోజు సర్ పన్నెండుకే ఇంటికి భోజనానికి వెళ్లేవారు.

ఆ లాబ్‌కు ఒక ఆచారం ఉండేది. దాన్ని మేం 'రెండో చెయ్యి' అనేవాళ్లం. ఎవరైనా కొత్తది ఏదైనా సాధిస్తే, అది సాధించినట్టు కాదు. చేసిన పద్ధతి అంతా కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ కాగితం పెట్టుకుని ఇంకొకరు మొదటినుంచి చేయాలి. అలా చేస్తున్నంతసేపూ మొదటి మనిషి లాబ్‌లో ఉండకూడదు, బయట మెట్ల మీద కూర్చోవాలి. సందేహం వచ్చినా వాళ్లను అడగకూడదు, వాళ్లు చెప్పకూడదు. కాగితం చెప్పినంతే. రెండో చేతికి కూడా వస్తే అప్పుడు సర్ సంతకం. రాకపోతే ఎంత అందమైన ఫలితమైనా సరే, బీరువాలోకి. "నమ్మకం ఇంట్లో ఉంచుకోండి బాళ, ఇక్కడికి తేకండి" అనేవారు. మేం ముగ్గురం ఏదో ఒక పూట ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్లమే. మే నెల ఎండలో ఆ మెట్ల మీద కూర్చుని, లోపల మన పనిని ఇంకొకరు ఎక్కడ పాడుచేస్తున్నారో అనుకుంటూ ఉంటే, దేవుడి మీద కన్నా రెండో చేతి మీద భక్తి ఎక్కువ పుడుతుంది.

రాజేశం రాగి తీసుకున్నాడు. రాగి పచ్చగా, నీలంగా ఉంటుంది, చూడ్డానికి ఏదో జరుగుతున్నట్టు కనిపిస్తుంది. నేను గులాబీ రంగు కోబాల్టు తీసుకున్నాను. జింకుకు రంగు లేదు. అందుకే అది ఎవరికీ అక్కర్లేకపోయింది, ఆఖర్న చేరిన రూతుకు వచ్చింది. మన ఒంట్లో పుట్టే చెడు గాలిని రక్తం మోసుకుని ఊపిరితిత్తుల దాకా తెచ్చేలా చేసేది ఒక జింకు పరమాణువు. ఆ గాలిని, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను, తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఒకప్పుడు బొగ్గుపులుసు వాయువు అనేవారని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. మేం చదివింది మరాఠీలో. రూతుకు చెప్తే ఫోన్లో చాలాసేపు నవ్వింది. "గా పేరు ముందే ఎర్కుంటే మా నాయినకు సమజయ్యేది కదనే, నేనేం చేస్తున్ననో" అంది.

ఆ జింకుకు నకలు తయారు చేసి, దాని స్ఫటికాలు రాబట్టడం రూతు పని. స్ఫటికం వస్తేనే లోపల ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో యంత్రంలో చూడగలం. అలాంటి యంత్రం మా దగ్గర లేదు, హైదరాబాద్‌కు పంపాలి. ఆ చివరి ఏడాది రూతుకు స్ఫటికాలు వచ్చాయి. ఫ్లాస్కు అడుగున, ఉప్పురాళ్లకన్నా కొంచెం పెద్దవి, అంచులు తీర్చినట్టు ఉన్నవి. సర్ భూతద్దం పెట్టి చూసి, చూసి, భూతద్దం నాకిచ్చారు. "బాగున్నాయి. ఇక సరోజ చేస్తుంది. నువ్వు బయట కూర్చో" అన్నారు.

ఆ వేసవికి సర్ రిటైరవుతున్నారు. ఆయన సంతకం లేకుండా రూతు థీసిస్ లేదు, ఆయన వెళ్లిపోతే ఇంకొకరి దగ్గర మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. వాళ్ల నాన్న అప్పటికే ఒక మిషన్ స్కూల్లో టీచరు పని మాట్లాడి వచ్చాడు. "సార్ సంతకం పెడితే సదువుకో బిడ్డా, నేనేం అడ్డం రాను. పెట్టకుంటే జూన్ల స్కూల్ల చేరు" అని చెప్పాడు. కఠినంగా చెప్పలేదు. రూతు వెనక ఇంకా ఇద్దరు పిల్లలు చదువుతున్నారు. రూతు ఇది నాకు మామూలుగా, బస్సు ఆలస్యమైందన్నట్టు చెప్పింది. చెప్పి మెట్ల మీదికి వెళ్లి కూర్చుంది.

నాకు రాలేదు. ఆమె రాసిచ్చిన కాగితం ఎదురుగా పెట్టుకుని, ఒక్క చుక్క ఎక్కువ తక్కువ కాకుండా చేశాను. ఫ్లాస్కు మూతికి వడపోత కాగితం చుట్టి, దారం కట్టి, సూదితో చిల్లులు పొడిచి, ద్రవం మెల్లగా ఆవిరయ్యేలా కదలకుండా పెట్టాను. కొన్నాళ్లకు అడుగున జిగురులాంటిది మిగిలింది. మళ్లీ చేశాను, మళ్లీ జిగురే. ఇలాంటప్పుడు గాజుకడ్డీతో ఫ్లాస్కు లోపలి గోడను గీకడం అందరికీ తెలిసిన ఉపాయం, అదీ చేశాను. అప్పుడు తెల్లటి పొడి ఒక్కసారిగా రాలింది, స్ఫటికం రాలేదు. రూతు తన ఫ్లాస్కులో పెడితే మాత్రం ప్రతిసారీ వచ్చాయి. లాబ్‌లో అంత ఇబ్బందికరమైన పరిస్థితి ఇంకొకటి ఉండదు. అసలు రాకపోతే ఓదార్చవచ్చు. ఒక్కరికే వస్తే ఏమనాలి?

రాజేశం అనాల్సింది అన్నాడు.

"ఏం రూతూ, ఫ్లాస్కు మీద ప్రార్థన గిట్ల చేస్తున్నవా?"

"చేస్తున్న రాజన్నా. నీకు బుద్ధి రావాలని చేస్తున్న. గదానికే ఇంక జవాబు వస్తలేదు."

"గట్ల కాదు, అసలు సంగతి చెప్పు. బజార్ల కలకండ కొనుక్కొచ్చి ఏస్తున్నవు గదా?"

"కలకండైతే నువ్వు ఎప్పుడో బుక్కేటోనివి. ఫ్లాస్కుల ఇంక ఉన్నయంటే అవి కలకండ కావు."

నవ్వుకున్నాం. కానీ ఆ మాట గోడ దాటింది. రూతు నాగపూర్‌లో ఎవరి దగ్గరో స్ఫటికాలు తెచ్చుకుందని పక్క విభాగంలో అన్నారు. ఎవరన్నారో తెలియదు, అందరూ విన్నారు. రూతు ఆ వారం అన్నం డబ్బా తెచ్చుకోవడం మానేసింది. సర్ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లకుండా ఇక్కడే తిరుగుతూ ఉండేవారు, ఓవెన్ దగ్గరికి వెళ్లి వచ్చేవారు. ఒకరోజు ఆమె ఆయన గదిలోకి వెళ్లి, "సర్, మీరు సంతకం పెట్టకండి. పరవాలేదు" అని చెప్పి వచ్చింది. ఆయన పెడతానని ఎప్పుడూ అనలేదు.

ఆ మర్నాడు సర్ ఆచారాన్ని తలకిందులు చేశారు. రూతు లాబ్‌లో చేయాలి, నేనూ రాజేశమూ ఆయనా స్టూళ్ల మీద కూర్చుని చూడాలి, ఎవరూ నోరు విప్పకూడదు. రూతు కడిగి బోర్లించి ఉన్న వెడల్పు మూతి ఫ్లాస్కు తీసుకుంది. సర్ తల అడ్డంగా ఊపారు. "అది కాదు. మొదటినుంచి. నువ్వు పొద్దున వచ్చి తలుపు తీసినప్పటినుంచి ఏం చేస్తావో అది చెయ్యి" అన్నారు. రూతు అలాగే నిలబడింది. నాకు ఆమె చేతులు కనిపిస్తున్నాయి, అవి ఏమీ పట్టుకోలేదు. తర్వాత వెళ్లి బల్ల కింద ఉన్న తన సంచిలోంచి పాలపొడి డబ్బా ఒకటి తీసింది. మూత తీస్తే అందులో బూడిద. మెత్తగా జల్లించిన బూడిద, పైన ఒక కొబ్బరిపీచు. సింకు దగ్గర నిలబడి, తడి పీచును బూడిదలో అద్ది, ఫ్లాస్కు లోపల తోమడం మొదలుపెట్టింది. ఇంట్లో అన్నం గిన్నె తోమినట్టే తోమింది.

నోరు విప్పకూడదన్నది రాజేశం మరిచిపోయాడు. "ఇదేందే, బోళ్లు తోముతున్నవా?" అన్నాడు.

రూతు తోమడం ఆపలేదు. "మొదటి రోజు గిదే మాటన్నవు రాజన్నా. అందరి ముంగట అన్నవు. నువ్వు నవ్వినవు, అందరు నవ్విండ్రు. గప్పటి సంది ఎవలు రాకముందే వచ్చి తోముకుంటున్న" అంది. తర్వాత సర్ వైపు తిరిగి మరాఠీలో చెప్పింది. సబ్బుపొడితో తోమితే గాజు తెల్లబడినట్టు ఆమెకు అనిపించదట. వాళ్ల క్వార్టర్లో బొగ్గుల పొయ్యి మీద వండుతారు, దాని బూడిదతో తోమితేనే మసి పోతుంది. తోమాక ఆమ్లంతో కడుగుతుంది, ఆ తర్వాత మూడుసార్లు శుద్ధజలంతో కడుగుతుంది. కాగితంలో ఎందుకు రాయలేదని సర్ అడిగారు. "అంట్లు తోమడం ఎవరైనా రాస్తారా సర్?" అంది.

నిజమే. మా ఎవరి కాగితంలోనూ అది ఉండేది కాదు. ప్రపంచంలో ఏ రసాయనశాస్త్ర పత్రికలోనూ ఉండదు. 'శుభ్రమైన ఫ్లాస్కులో' అని మొదలవుతుంది, ఆ శుభ్రం ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగరు.

సర్ ఆ ఫ్లాస్కు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు. వెలుతురుకు అడ్డంగా పట్టి తిప్పి చూశారు. మమ్మల్ని పిలిచారు. లోపలి గాజు మీద సన్నటి గీతలు, వెంట్రుకకన్నా సన్నం, లెక్కపెట్టలేనన్ని. ఏళ్లతరబడి బూడిద గీసిన గీతలు. స్ఫటికం ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి. నున్నటి గాజు మీద దానికి పట్టు దొరకదు. కడ్డీతో గీకితే మరీ ఎక్కువ పట్టు దొరికి అంతా ఒకేసారి పొడిగా దిగుతుంది. ఈ సన్నటి గీతలు సరిగ్గా సరిపోయాయి. ముందు సర్ బూడిదనే అనుమానించారు. కొత్త ఫ్లాస్కులో చిటికెడు బూడిద వేసి నన్ను చేయమన్నారు, మురికి జిగురు వచ్చింది. అప్పుడు రూతు ఫ్లాస్కు నాకిచ్చి చేయమన్నారు. అందులో నాకూ స్ఫటికాలు వచ్చాయి. భూతద్దం కూడా అక్కర్లేదు, కళ్లకే కనిపించాయి. రూతు మెట్ల మీద నుంచి లేచి వచ్చి తలుపులో నిలబడి ఉంది.

అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు, ఎందుకంటే ఆయన మా సర్. "ఫ్లాస్కు ఆమెది. దాన్ని తోమింది ఆమె చెయ్యి. ఇది రెండో చెయ్యి ఎలా అవుతుంది?" అన్నారు. రాజేశం కూడా ఆ రోజు ఆయన్ని తెలుగులో తిట్టాడు, అది ఆయనకు అర్థం కాదు గనుక. రూతు కాగితం మళ్లీ రాయాలి, తోమడం నుంచి రాయాలి. నేను ఆ కాగితం చూసి కొత్త ఫ్లాస్కు తోమాలి. ఆమె బయట కూర్చోవాలి, మాట్లాడకూడదు. రూతు మెట్ల మీద కూర్చుని అరపూట ఆలోచించి రాసింది. బొగ్గుపొయ్యి బూడిద, బట్టలో జల్లించినది. తడి కొబ్బరిపీచు. చేత్తో తడిమితే గాజు కొంచెం గరుకు తగిలేదాకా. 'కొంచెం' అన్న మాట సర్ కొట్టేశారు. రూతు మళ్లీ రాసింది. సర్ మళ్లీ కొట్టేశారు. మూడోసారి ఆమె 'రోజూ తోమి, వారం తర్వాత చూడు' అని రాసింది, దానికి ఆయన ఒప్పుకున్నారు.

మా ఇంట్లో గ్యాసు పొయ్యి, బూడిద ఎక్కడిది? ఆదివారం పద్మాపూర్ వెళ్లాను. సాయంత్రం అయింది. క్వార్టర్ల వరస పొడవునా గుమ్మాల ముందు సిగ్డీలు, అంటే ఇనుప బకెట్టుకు మట్టి మెత్తి చేసిన బొగ్గుల పొయ్యిలు, పొగ చిమ్ముతున్నాయి. ఆ పొగ పోయి ఎర్రగా రాజుకున్నాక ఒక్కో ఇంటివాళ్లు దాన్ని పట్టకారుతో లోపలికి తీసుకుపోతారు. అప్పటిదాకా వరస వరసంతా బయటే ఉంటుంది, వాళ్ల మాటలన్నీ ఆ పొగలోనే జరుగుతాయి. రూతు నన్ను చూసి నవ్వి, నియమం ప్రకారం ఇంట్లోంచి లేచి వెళ్లి నాలుగిళ్ల అవతల కూర్చుంది. నియమం రూతుకే గానీ వాళ్లమ్మకు లేదనుకుని ఎస్తేరమ్మకు సంగతి చెప్పాను.

"బూడిద కోసం బస్సెక్కి వచ్చినవా బిడ్డా?" అంది ఆమె. "నేను రోజు డబ్బలు డబ్బలు పారవోస్త గదనే."

"జల్లించింది కావాలమ్మా. ఎట్ల తోమాలో కూడా చూపియ్యాలె."

"తోముడు నేర్పాల్నా? గింత సదువు సదివి? మీ అమ్మ నేర్పలేదా?" అని, నవ్వు ఆపుకుంటూ, పాత చీర ముక్క పరిచి బూడిద జల్లించింది. నా చేతిని పట్టుకుని గుండ్రంగా తిప్పింది. "గట్ల రుద్దకు, గీకుతున్నవు. ఒత్తకు. బూడిదే పని చేస్తది, నీ చెయ్యి ఊకె తిరగాలె." తర్వాత, ఎందుకో గొంతు తగ్గించి, "సార్ కోపం మీదున్నడా? మా పిల్ల గలీజు చేసిందనా?" అని అడిగింది. కాదని చెప్పాను. ఆమె నమ్మలేదు. వెళ్లేటప్పుడు డబ్బా మీద శుభ్రమైన గుడ్డ కట్టి ఇచ్చింది. అంతకుముందు కూడా ఆ ఇంటికి నేను చాలాసార్లు వెళ్లాను. నాకు తెలుగు చదవడం నేర్పింది ఆమే, తన బైబిలులో వేలు పెట్టి. అప్పట్లో మా ముగ్గురికీ మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. రాజేశానికి ఇప్పటికీ రాదు.

వారం తోమాను. రెండు ఫ్లాస్కులు పగిలాయి, మూడోది గరుకెక్కింది. అందులో వచ్చినవి రూతు స్ఫటికాలకన్నా చిన్నవి, ఒక అంచు విరిగినట్టు ఉండేవి. సర్ వాటిని చూసి, జేబులోంచి పెన్ను తీసి, నిలబడే సంతకం పెట్టారు. రూతు మెట్ల మీద నుంచి రాలేదు. ఏడుస్తోందేమోనని వెళ్లి చూశాను. అన్నం డబ్బా తెరిచి తింటోంది. "ఆకలైతుందే" అంది. ఎండుచాపల కూర.

హైదరాబాద్ నుంచి బొమ్మ వచ్చింది, పరమాణువులు అన్నీ అనుకున్నచోటే కూర్చున్నాయి. థీసిస్ అచ్చయినప్పుడు ఆ చోట ఒక వాక్యం ఉంది: 'పాత్ర లోపలి తలాన్ని సన్నగా గరుకు చేయడమైనది.' ఎవరు గరుకు చేశారు, దేనితో, అన్నది లేదు. పరీక్షకుడు వచ్చినప్పుడు ఆ వాక్యాన్నే ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు, చాలా ఆధునికమైన ఆలోచన అన్నాడు. రూతు థాంక్యూ సర్ అంది. రాజేశం నా పక్కన కూర్చుని బల్ల కింద నా కాలు తొక్కాడు. రూతు ఆ తర్వాత ఇక్కడే కాలేజీలో పాఠాలు చెప్పింది, నేను నాగపూర్ వెళ్లాను, రాజేశం ఇక్కడే ఉండి సర్ కుర్చీలోకి వచ్చాడు. నేనూ రూతూ ఫోన్లో మాట్లాడుకునేది ఆదివారాలు. పోయిన ఏడాది ఆమె గొంతు సన్నబడింది, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. దగ్గు అంది. ఆమె చెప్పిన మాటను నేను సరిచూడలేదు. స్నేహంలో అది చేయరు.

టీ అయిపోయాక రాజేశం నాకు లాబ్ చూపించాడు. కిటికీలకు అద్దాలు బిగించారు, గట్టు మీద దుమ్ము లేదు. చేతులకు నీలం తొడుగులు వేసుకున్న అమ్మాయి ఒకతి బల్ల దగ్గర ఉంది, పేరు మోనిక. వాళ్లదీ తెలుగు ఇల్లే, మాట సగం మరాఠీ. ఆమె ముందు చిన్న చిన్న గాజు సీసాలు వరసగా ఉన్నాయి. వీటిని దేనితో కడుగుతారని అడిగాను.

"కడగం మేడం. వాప్రాయ్‌చ, ఫేకాయ్‌చ. ఒక్కసారి వాడుతం, పారేస్తం, బస్."

"స్ఫటికాలు వస్తున్నయా?"

"వస్తయి, రావు. వచ్చినయి పంపుతం."

"ఇంకెవరన్నా చేసి చూస్తరా?"

ఆమె రాజేశం వైపు చూసింది. రాజేశం కాగితం కప్పును చేతిలో నలిపాడు. "టైమేడున్నది సరోజా," అన్నాడు. "ఏటా ఇన్ని పేపర్లు రావాలంటరు. ఒకని పని ఇంకొకడు చేస్తే ఇద్దరికీ పేపర్ ఉండదు. సార్ కాలం ఏరే." నలిగిన కప్పును బుట్టలో పడేసి, "గప్పుడు నేను నవ్వకపోతే రూతు బూడిద దాసిపెట్టకపోవు కదా?" అన్నాడు. ఆ సంగతి అతను ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎత్తలేదు. పొద్దున చర్చిలో అన్నది ఇందుకేనని అప్పుడు అర్థమైంది. నువ్వు నవ్వకపోతే ఆమె అందరి ముందే తోమేది, మేం ఆనాడే బూడిద మానేయమని చెప్పి సబ్బుపొడి ఇచ్చేవాళ్లం, స్ఫటికాలే వచ్చేవి కావు అన్నాను. అది ఓదార్పుగా అన్నది కాదు, నిజం. అతను దాన్ని ఓదార్పుగానే తీసుకున్నాడు.

రూతు థీసిస్ తర్వాత సర్ రిటైరయ్యేలోపు ఒక కొత్త నియమం పెట్టి వెళ్లారు. పద్ధతి ఎవరు రాసినా, మొదటి వాక్యంలో గాజుసామాను ఎవరు, దేనితో, ఎలా తోమారో ఉండాలి. చాలా ఏళ్లు ఈ లాబ్‌లో అందరూ అలాగే రాశారు. ఇప్పుడు ఎవరూ రాయడం లేదు.